వెల్డింగుతో పెరిగిన ప్రొపెల్లర్
నౌకా నిర్మాణంలో త్రీడీ ముద్రణ.. రోటర్‌డామ్‌లో తొలి అడుగు

విశాఖపట్నం: నౌక రేవులో నిలిచిపోవడానికి పెద్ద ప్రమాదమే జరగనక్కర్లేదు. పంపు లోపల తిరిగే చిన్న చక్రం అరిగినా చాలు. నౌక పాతికేళ్లకు పైగా తిరుగుతుంది. దానిలోని యంత్రాలు తయారుచేసిన కంపెనీలు అన్నాళ్లు ఉంటాయన్న హామీ లేదు. విడిభాగం దొరకనప్పుడు కొత్తగా పోత పోయించాలి. అందుకు ముందు కర్రతో నమూనా చెక్కాలి, ఇసుకలో మూస కట్టాలి, లోహం కరిగించి పోయాలి, చల్లారాక అరగదీయాలి. ఒక్క భాగం కోసం ఇంత తతంగం వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నౌక నిలిచిన ప్రతిరోజూ యజమానికి నష్టమే. నౌకా నిర్మాణ రంగం త్రీడీ ముద్రణ వైపు చూడటానికి మూలం ఈ అవసరమే.

ముద్రణ అనగానే కాగితం, సిరా గుర్తుకొస్తాయి. ఇక్కడ అవేవీ లేవు. భాగం ఆకృతిని కంప్యూటరులో పలుచని పొరలుగా విడదీస్తారు. యంత్రం ఒక పొరపై మరో పొర పేరుస్తూ వస్తువును నిలబెడుతుంది. నౌకల్లో వాడే పెద్ద లోహ భాగాలకు ఎక్కువగా అనుసరిస్తున్నది తీగ పద్ధతి. రోబో చేతికి వెల్డింగ్ టార్చి బిగిస్తారు. విద్యుత్ ఆర్క్ వేడికి లోహపు తీగ కరిగి చుక్కచుక్కగా పేరుకుంటుంది. ఒక్క మాటలో చెప్పాలంటే ఇది వెల్డింగే. విశాఖ ఆటోనగర్‌లో అరిగిన షాఫ్టుకు లోహం నింపి మళ్లీ లేతు పట్టించే పనివారికి ఇందులోని మూలసూత్రం కొత్తేమీ కాదు. అక్కడ చేయి నడుస్తుంది, ఇక్కడ లెక్క నడుస్తుంది.

298 పొరలు.. 400 కిలోలు

ఈ విద్యకు ప్రపంచవ్యాప్త గుర్తింపు తెచ్చింది నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ రేవు. అక్కడ ఒకప్పటి షిప్‌యార్డు ఆవరణలో 2016లో రామ్‌ల్యాబ్ అనే ప్రయోగశాల వెలిసింది. డామెన్ షిప్‌యార్డ్స్, ప్రొపెల్లర్లు తయారుచేసే ప్రోమెరిన్, సాఫ్ట్‌వేర్ సంస్థ ఆటోడెస్క్, నౌకల ప్రమాణాలను ధ్రువీకరించే బ్యూరో వెరిటాస్ ఈ ప్రయోగంలో చేయి కలిపాయి. నికెల్, అల్యూమినియం కలిసిన కంచు తీగతో 1,350 మిల్లీమీటర్ల వ్యాసం గల ప్రొపెల్లర్‌ను 298 పొరల్లో నిలబెట్టారు. బరువు సుమారు 400 కిలోలు. ఉప్పునీటికి తొందరగా తినుకుపోదు కాబట్టే ప్రొపెల్లర్లకు ఈ కంచును ఎంచుకుంటారు.

మొదటిది నేర్చుకోవడానికే తప్ప నౌకకు బిగించలేదు. రెండోది డామెన్ వారి 1606 తరహా టగ్గుకు అమర్చి 2017 నవంబరులో పరీక్షించారు. టగ్గును ఒడ్డుకు కట్టి ఎంత బలంగా లాగగలదో చూశారు. అసలు పరీక్ష ఆ తర్వాతిది. పూర్తి వేగంతో ముందుకు వెళుతున్న టగ్గును ఒక్కసారిగా పూర్తి శక్తితో వెనక్కి తిప్పారు. ప్రొపెల్లర్ రెక్కపై ఇంతకు మించిన ఒత్తిడి పడే సందర్భం దాదాపు ఉండదు. మూసలో పోసిన ప్రొపెల్లర్ లాగానే ఇదీ తట్టుకోవడంతో బ్యూరో వెరిటాస్ ఆమోదముద్ర వేసింది. ఇలాంటి ధ్రువీకరణ పొందిన తొలి ముద్రిత నౌకా ప్రొపెల్లర్ ఇదే కావడం విశేషం.

ఆ ఆమోదముద్ర లాంఛనం కాదు. పొర మీద పొర వెల్డింగ్ చేసిన లోహం చల్లారేటప్పుడు ముడుచుకుంటుంది, లోపల ఒత్తిడి మిగులుతుంది, ఆకారం వంకరపోతుంది. పొరల మధ్య గాలి బుడగ చిక్కినా, అతుకు సరిగా పడకపోయినా పైకి కనిపించదు. పొరల వెంబడి ఉన్న బలం పొరలకు అడ్డంగా ఉండకపోవచ్చు. నడిసముద్రంలో రెక్క విరిగితే నౌకలో ఉన్నవారి ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే ముక్కలు కోసి లాగి చూడటం, అల్ట్రాసౌండుతో లోపాలు వెతకడం తప్పనిసరి. పైగా ముద్రణ యంత్రం నుంచి వచ్చిన రెక్క గరుకుగా, గీతలు గీతలుగా ఉంటుంది. యంత్రంపై చెక్కి నునుపు చేస్తే తప్ప నీటిలో పనికిరాదు. ముద్రించడం తేలిక, నమ్మకం కుదరడమే కష్టం అనిపిస్తుంది ఈ వ్యవహారమంతా చూస్తే.

యుద్ధనౌకల్లోనూ..

అమెరికా నౌకాదళం 2019లో విమానవాహక నౌక హ్యారీ ఎస్ ట్రూమన్‌లో ఆవిరి గొట్టాల నుంచి నీటిని తొలగించే చిన్న ముద్రిత లోహ భాగాన్ని అమర్చింది. 2022లో బటాన్ నౌకలో ఏకంగా లోహ ముద్రణ యంత్రాన్నే బిగించింది. ఫ్రాన్సుకు చెందిన నేవల్ గ్రూప్, మందుపాతరలను వెతికే ఆండ్రోమెడ్ నౌకకు ముద్రిత ప్రొపెల్లర్‌ను అమర్చినట్లు 2021లో ప్రకటించింది. దాని వ్యాసం 2.5 మీటర్లు, ఐదు రెక్కలు ఒక్కోటి 200 కిలోలు. అదే సంస్థ నాంత్ నగరంలోని సెంట్రల్ ఇంజినీరింగ్ కళాశాలతో కలిసి లోపల డొల్లగా ఉండే రెక్క నమూనాను కూడా ముద్రించింది. మూసలో పోతపోసి అటువంటి డొల్ల రెక్కను రాబట్టడం చాలా కష్టం. బరువు తగ్గడం ఇందులోని లాభం.

మరి విశాఖ మాటేమిటి? జవహర్‌లాల్ నెహ్రూ 1948 మార్చి 14న జల ఉషను జలప్రవేశం చేయించిన హిందుస్థాన్ షిప్‌యార్డు, నౌకాదళ డాక్‌యార్డు ఉన్న నగరమిది. పాత నౌకలకు మరమ్మతులు జరిగే చోటే ఒకటీ అరా విడిభాగం అవసరం ఎక్కువ. ముద్రణకు అనువైన పని అదే. ఒకే తరహా భాగాలు వందల్లో కావాలంటే మాత్రం పోతే చవక.

మత్స్యకారులకు ఇప్పట్లో దీనివల్ల పెద్దగా ఒరిగేది కనిపించదు. ఏటా 61 రోజుల వేట నిషేధం జూన్ 14తో ముగియగానే మరపడవలు కడలికి బయలుదేరతాయి. ఆ సమయంలో రెక్క విరిగిన పడవకు కొత్త ప్రొపెల్లర్ బజారులోనో ఫౌండ్రీలోనో దొరుకుతుంది. సాధారణ కొలతల సరుకు కాబట్టి ముద్రణ కంటే అదే తక్కువ ఖర్చు. మరో కొసన, భారీ కంటెయినర్ నౌకల ప్రొపెల్లర్లు వంద టన్నులు దాటుతాయి. డెన్మార్కుకు చెందిన ఎమ్మా మేర్స్క్ నౌకది సుమారు 130 టన్నులు. అంతటివి ఇంకా మూసల్లోనే పోస్తున్నారు.