పటాన్‌చెరు – సంగారెడ్డి పారిశ్రామిక ప్రాంతంలో మార్కెటింగ్

కొనేవారి అవసరాన్ని ముందుగా గుర్తించి, దానికి తగిన వస్తువును రూపొందించి, ధర నిర్ణయించి, వారికి అందే చోటికి చేర్చే వ్యాపార ప్రక్రియను మార్కెటింగ్ అంటారు. అమ్మకం అందులో చివరి అంచె మాత్రమే. వస్తువు, ధర, పంపిణీ, ప్రచారం అనే నాలుగు అంశాల కూర్పును అమెరికన్ అధ్యాపకుడు జెరోమ్ మెకార్తీ 1960లో ప్రతిపాదించగా, ఫిలిప్ కోట్లర్ 1967లో వెలువరించిన గ్రంథం దానికి విస్తృత ప్రచారం కల్పించింది. పాఠ్యపుస్తకాల్లో సబ్బులు, శీతల పానీయాలే ఉదాహరణలుగా కనిపిస్తాయి గాని, రామచంద్రాపురం నుంచి జహీరాబాద్ దాకా ముంబయి రహదారి వెంట విస్తరించిన కర్మాగారాల సరుకులో చాలా భాగాన్ని సామాన్యుడు నేరుగా కొనడు. కొనేవారు, నిర్ణయించేవారు, వాడేవారు వేర్వేరుగా ఉండటమే ఈ ప్రాంతపు మార్కెటింగ్‌కు ప్రత్యేకత.

1960వ దశకంలో ఉత్పత్తి ప్రారంభించిన, టర్బైన్లు తయారుచేసే రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్‌కు రాష్ట్రాల విద్యుత్ బోర్డులు చాలాకాలం ప్రధాన ఖాతాదారులుగా ఉండేవి. విద్యుత్తుకు గిరాకీ పెరిగితేనే టర్బైన్లకు గిరాకీ పుడుతుంది కనుక దీనిని ఉత్పన్న గిరాకీ అంటారు. ఇక్కడ ప్రకటనల కంటే టెండర్లు, సాంకేతిక ప్రమాణాలు, మరమ్మతు సేవలు ముఖ్యం. సదాశివపేట దగ్గరి ఎంఆర్‌ఎఫ్ వంటి టైర్ల సంస్థలు రెండు విపణులను ఎదుర్కొంటాయి: వాహన తయారీదారు వేలకొద్దీ టైర్లు బేరమాడి కొంటే, అరిగిన టైరు మార్చుకునే లారీ యజమాని డీలరు మాటనూ పేరునూ నమ్ముతాడు. ఇలా కొనుగోలుదారులను వర్గాలుగా విడదీసి చూడటమే విపణి విభజన.

ఈ భావనలన్నీ ఔషధ రంగంలో మరింత స్పష్టమవుతాయి. 1970 నాటి పేటెంట్ చట్టం ఔషధ పదార్థానికి కాక తయారీ విధానానికి మాత్రమే పేటెంటు ఇవ్వడంతో, వేరే పద్ధతిలో అదే మందును చేయగల సంస్థలు బొల్లారం, పటాన్‌చెరు ప్రాంతాల్లో వెలిశాయి. ప్రభుత్వ రంగ ఔషధ సంస్థ ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన డాక్టర్ రెడ్డీస్ తొలుత మాత్రల తయారీకి కావలసిన ముడి ఔషధాలను, అంటే బల్క్ డ్రగ్స్‌ను, ఇతర కంపెనీలకు అమ్మేది. బల్క్ డ్రగ్‌కు నాణ్యత, ధర తప్ప వేరే గుర్తింపు ఉండదు; అందుకే 1987లో నోరిలెట్ అనే మందుతో సొంత బ్రాండు వ్యాపారంలో అడుగుపెట్టిన సంస్థ, తర్వాత ఒమెజ్ అనే మందును అప్పటి పోటీ బ్రాండ్ల కంటే సుమారు సగం ధరకు విడుదల చేసింది. తక్కువ ధరతో విపణిలో వేగంగా చోటు సంపాదించే ఈ పద్ధతిని చొరబాటు ధర విధానం అంటారు.

అయితే మందు విషయంలో ధర చెల్లించేది రోగి, ఎంపిక చేసేది వైద్యుడు. చీటీపై మాత్రమే అమ్మే మందులను ప్రజలకు ప్రకటించే వీలు సాధారణంగా లేనందున, ప్రచార భారమంతా మెడికల్ రిప్రజెంటేటివ్‌లపై పడింది. ఈ వ్యవస్థ వైద్య సమాచారాన్ని చేరవేసినంతగానే ప్రలోభాలకూ దారి తీసిందనే విమర్శ సమంజసమైనదే; 2024లో కేంద్రం ప్రకటించిన నియమావళి వైద్యులకు కానుకలను నిషేధించింది.

2005లో ఔషధ పదార్థాలకే పేటెంటు వర్తించడంతో కొత్త మందులను అనుకరించే దారి ఇరుకైంది. అప్పటికే కంపెనీల దృష్టి అమెరికా జెనరిక్ విపణి, అంటే మూల బ్రాండుకు సమానమైన మందుల విపణి, మీదికి మళ్లింది. అక్కడ బ్రాండు పేరు కంటే, పేటెంటును సవాలు చేస్తూ ఎవరు ముందు దరఖాస్తు చేశారన్నది ముఖ్యం. ఆ మొదటి సంస్థకు 180 రోజుల ప్రత్యేక అవకాశం లభిస్తుంది. 2001లో ఫ్లూఆక్సెటిన్ అనే మందు 40 మిల్లీగ్రాముల క్యాప్సూళ్లకు డాక్టర్ రెడ్డీస్ దానిని సాధించింది. గడువు ముగిశాక ఇతర సంస్థలు ప్రవేశించి ధరలు పడిపోతాయి కనుక, ఈ వ్యాపారంలో లాభం చాలావరకు ఆ ఆరు నెలల్లోనే తేలిపోతుంది.