అనంతపురం మెట్ట సేద్యం: వాతావరణ మార్పు, చిన్న రైతులు

రాయలసీమలోని అనంతపురం ప్రాంతంలో, అంటే 2022 ఏప్రిల్ నుంచి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాలుగా విడివడిన భూభాగంలో, అయిదెకరాలకు మించని కమతాలు గల చిన్న, సన్నకారు రైతులు వానరాకలోని నిలకడలేమికి తగినట్టు పంటలను, విత్తే అదనును, నీటి వాడకాన్ని మార్చుకుంటూ వచ్చారు. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డుకోవడం వల్ల, ఈశాన్య రుతుపవనం తీరం నుంచి లోపలికి వచ్చేసరికి బలహీనపడడం వల్ల, ఈ ప్రాంతంలో ఏటా సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. నేలల్లో అధికభాగం లోతు తక్కువైన ఎర్రనేలలు కనుక పడిన తడి కొద్ది రోజులకే ఆరిపోతుంది. అందుచేత ఇక్కడ పంట భవితవ్యాన్ని తేల్చేది ఏడాది మొత్తపు వర్షపాతం కంటే రెండు వానల నడుమ వచ్చే ఎడం, అంటే బెట్ట. 1901 నుంచి 2018 వరకు భారతదేశపు సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీల సెల్సియస్ పెరిగింది. వేడి పెరిగినకొద్దీ నేలలోని తడి త్వరగా ఆవిరవుతుంది కాబట్టి, పూర్వం పైరు ఓర్చుకున్న బెట్టే ఇప్పుడు దాన్ని ఎండబెట్టగలదు.

పాత సేద్య పద్ధతి నష్టాన్ని పలు పంటల మీదికి పంచే సూత్రంపై నడిచేది. విజయనగర కాలంలోను, అంతకుముందూ తవ్విన చెరువుల కింద కొద్దిపాటి వరి పండగా, మెట్టలో కొర్ర, సజ్జ, జొన్న, ఆరికలతో పాటు కంది, అలసంద, ఆముదం వంటివి కలిపి వేసేవారు. తొలకరి తప్పితే ఏ కార్తెలో ఏది విత్తాలో ఊరికి తెలిసి ఉండేది. అన్నీ తప్పిన ఏడాది, ఆలస్యంగా విత్తినా కాసే ఉలవ చివరి దిక్కుగా మిగిలేది. ఈ పద్ధతిని అతిగా కీర్తించడం కూడా సరికాదు. 1876-78 నాటి ధాత కరువులో ఈ జొన్నలు, కొర్రలు రాయలసీమ ప్రజలను కాపాడలేకపోయాయి. 1952 కరువులోనూ గంజి కేంద్రాలు తెరవవలసి వచ్చింది. పలు పంటల సేద్యం ఒక ఏడాది దెబ్బను తగ్గించగలిగేదే గాని, వరుసగా రెండు మూడేళ్లు వానలు ముఖం చాటేస్తే చేయగలిగింది తక్కువ.

ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ మిశ్రమ సేద్యం స్థానాన్ని వేరుశనగ ఆక్రమించింది. స్థానికులు చెనక్కాయ, బుడ్డలు అని పిలిచే ఈ పంట బెట్టను కొంతవరకు ఓర్చుకుంటుంది, దీని కట్టె పశువులకు మేతవుతుంది, అన్నిటికీ మించి రొక్కం తెస్తుంది. 1986లో కేంద్రం నూనెగింజల సాంకేతిక మిషన్‌ను ప్రారంభించడంతో సాగు మరింత విస్తరించి, మెట్టలో సింహభాగం ఒకే పంట కిందికి వచ్చింది. రైతు తెలివితక్కువగా ఏకపంటకు మళ్లాడని అనడం అన్యాయమే అవుతుంది; ధర, విత్తన సబ్సిడీ, పంట రుణం, మార్కెట్ అన్నీ ఆ ఒక్క గింజ వైపే ఉన్నాయి. అయితే వేరుశనగకు ఒక బలహీనత ఉంది. పూత తరువాత ఊడలు నేలలోకి దిగి కాయ కట్టాలంటే పై మట్టి మెత్తగా, తడిగా ఉండాలి. జూలైలో విత్తిన పైరుకు సరిగ్గా ఆగస్టు బెట్ట ఈ దశలోనే ఎదురవుతుంది. మొక్క పచ్చగానే కనిపిస్తుంది, పీకి చూస్తే కాయలుండవు.

ఏకపంటలోని ప్రమాదం 2000వ సంవత్సరంలో మరో రూపంలో బయటపడింది. ఆ ఏడాది కాండం కుళ్లు వైరస్ తెగులు జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగకు సోకి, 300 కోట్ల రూపాయలకు పైగా నష్టం కలిగించింది. బంజర్లలో, గట్ల మీద విరివిగా పెరిగే వయ్యారిభామ కలుపు పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని లేత మొక్కల మీదికి చేరవేస్తాయి. మందుతో అదుపు కాని ఈ తెగులుకు శాస్త్రజ్ఞులు సూచించిన ఉపాయం పూతకు ముందే వయ్యారిభామను పీకివేయడం, చేను చుట్టూ జొన్న లేదా సజ్జను కొన్ని సాళ్లు దట్టంగా విత్తి పురుగుకు అడ్డుకట్ట వేయడం. మెట్ట నుంచి వెళ్లగొట్టిన జొన్న ఆ విధంగా చేనికి కావలిగా తిరిగి వచ్చింది.

మెట్ట సేద్యంపై వ్యవస్థిత పరిశోధన 1970లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన అఖిల భారత సమన్విత పథకంతో ఊపందుకుంది. అక్కడే 1985లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే క్రిడా, ఏర్పడింది. అనంతపురం సమీపంలోని రేకులకుంట క్షేత్రం, కదిరి పరిశోధన కేంద్రం స్థానిక అవసరాలపై పనిచేశాయి. 1940 నాటి టీఎంవీ-2 వేరుశనగ రకాన్నే దశాబ్దాలపాటు విత్తుతూ వచ్చిన రైతులకు కదిరి-6 వంటి రకాలు అందాయి. ఏడు సాళ్ల వేరుశనగకు ఒక సాలు కంది వేయాలన్న సిఫారసు కూడా రైతులకు పరిచయమైన పద్ధతికే శాస్త్రీయ కొలత ఇవ్వడం తప్ప మరొకటి కాదు. వాన ఆలస్యమైతే ఏ తేదీ దాటాక ఏ పంటకు మారాలో చెప్పే ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికలు పాత కార్తెల లెక్కకు క్యాలెండరు రూపాలు.

ఈ చరిత్రలో ఎక్కువ నష్టం తెచ్చిన సర్దుబాటు బోరుబావి. వాన మీద నమ్మకం తగ్గినకొద్దీ రైతులు అప్పు చేసి బోర్లు వేశారు, చీనీ, మామిడి తోటలు నాటారు. గట్టి రాతి పొరల్లోని నీరు పగుళ్లలో మాత్రమే ఉంటుంది కాబట్టి, పొరుగువాడు లోతుగా వేస్తే ఇవతలి బోరు ఎండిపోతుంది. అప్పు మాత్రం మిగులుతుంది. ఎవరికి వారు వానకు భయపడి చేసిన పని అందరినీ కలిపి ఇంకా పెద్ద ప్రమాదంలోకి నెట్టింది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, వాల్టా, బోర్ల మధ్య దూరాన్ని నియంత్రించబూనినా, అమలు అంతంతమాత్రమే. 2003లో మొదలైన సూక్ష్మ నీటిపారుదల పథకం బిందు సేద్యాన్ని విస్తరింపజేసింది గాని, మిగిల్చిన నీటితో సాగు విస్తీర్ణం పెంచే చోట అడుగునున్న నిల్వకు ఒరిగేది లేదు.

దీనికి భిన్నమైన ప్రయత్నం ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2003 నుంచి కొన్నేళ్లపాటు అనంతపురంతో సహా ఏడు కరువు జిల్లాలలో సాగింది. రైతులే వానను, బోర్లలోని నీటిమట్టాన్ని కొలిచి పుస్తకంలో రాసేవారు; రబీ ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు కావలసినదెంత అని లెక్క కట్టేవారు. పంట నీటి బడ్జెట్ అనబడిన ఈ లెక్క ఎవరినీ శాసించేది కాదు. లోటు కళ్లకు కట్టడంతో పలువురు వరి మాని తక్కువ నీటి పంటలకు మారారు. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం నీటి గుంటలు, కందకాలు తవ్వుకోవడానికి కూలి సమకూర్చి, వలస వెళ్లే కుటుంబాలకు ఊళ్లోనే కొంత ఆసరా అయింది.

ఇటీవలి దశలో దృష్టి మళ్లీ పంటల కలయిక మీదికి వచ్చింది. 2016లో ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో భాగంగా అనంతపురంలో రూపుదిద్దుకున్నది ఎండు విత్తు. రుతుపవనానికి ముందే, పొడి నేలలో, పలు రకాల గింజలను బంకమట్టి, ఎరువు, బూడిదల పొర పట్టించి గుళికలుగా చేసి చల్లుతారు. పొర వల్ల గింజ చీమలకు, పక్షులకు దొరకదు. చిరుజల్లుకే మొలిచి ఎండిపోకుండా, చాలినంత తడి అందేదాకా ఆగుతుంది. మొలిచిన పైరు నేలను కప్పి తేమను నిలుపుతుంది, పశువులకు మేత ఇస్తుంది. ఈ రాష్ట్ర కార్యక్రమానికి 2024లో గుల్బెంకియన్ పురస్కారంలో భాగం దక్కింది. పంట దిగుబడి మీద దీని ప్రభావం గురించి చర్చ సాగుతున్నా, ఖర్చు తగ్గుతుందన్న కారణం చిన్న రైతుకు బలమైనదే.

పంట పోయాక ఆదుకునే ఏర్పాట్లలో బీమా ఒకటి. వర్షపాతం నిర్ణీత స్థాయికి తగ్గగానే, పొలం చూడనవసరం లేకుండా పరిహారం చెల్లించే వాతావరణ సూచిక బీమాను దేశంలో తొలిసారి 2003లో మహబూబ్‌నగర్ జిల్లాలో వేరుశనగ, ఆముదం రైతుల కోసం ప్రయోగించారు. వర్షమాపకం ఒకచోట, చేను మరొకచోట ఉంటే వచ్చే తేడా మాత్రం ఈ పద్ధతిని వెన్నాడింది. పరిహారానికి, రుణానికి పట్టా కావాలి కనుక కౌలు రైతులు ఎక్కువగా వెలుపలే ఉండిపోయారు. 2011, 2019 చట్టాలు వారికి గుర్తింపు కార్డులు ఇవ్వాలని నిర్దేశించినా, భూయజమానుల జంకు కారణంగా అవి అనేకులకు అందలేదు. కౌలు ఏడాదికే ఖరారవుతుంటుంది కాబట్టి, గట్టు వేయడం, చెట్టు నాటడం, నేలకు ఎరువు పట్టించడం వంటి మూడు నాలుగేళ్లకు గాని ఫలితమివ్వని పనులకు కౌలుదారు పూనుకోవడం అరుదు.