పంట సలహా వీడియోలు ఆగకుండా చూడాలంటే కంప్యూటర్‌ను ఇలా సిద్ధం చేసుకోండి

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో శనగ, వరి, మొక్కజొన్న, పత్తి, మిరప సాగు చేసే రైతులు చాలామంది ఇప్పుడు పంట సలహాలను ఇంటర్నెట్‌లో వీడియోల ద్వారా తెలుసుకుంటున్నారు. ఫోన్ చిన్న తెర మీద పురుగు ఆనవాళ్లు, ఆకు మచ్చలు సరిగా కనబడవు. ఇంట్లో పిల్లల చదువు కోసం కొన్న కంప్యూటర్ ఉంటే ఇంటిల్లిపాదీ కూర్చుని పెద్ద తెర మీద చూడవచ్చు. అయితే వీడియో మధ్యలో ఆగిపోవడం, మాట తెగిపోవడం చాలామందికి ఎదురయ్యే ఇబ్బంది.

దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. ఉదాహరణకు మొక్కజొన్నలో కత్తెర పురుగు నివారణకు ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జీ మందును లీటరు నీటికి 0.4 గ్రాముల చొప్పున కలపాలి. వీడియోలో ‘పాయింట్’ అన్న మాట తెగిపోతే మీకు ‘నాలుగు గ్రాములు’ అని వినబడుతుంది. అప్పుడు 10 లీటర్ల ట్యాంకుకు 4 గ్రాములు వేయాల్సింది 40 గ్రాములు వేస్తారు. డబ్బు దండగ, పైరుకు, పిచికారీ చేసే మనిషికి ముప్పు. కాబట్టి పురుగు పడ్డాక కంగారు పడకుండా, సీజన్ మొదలయ్యే ముందే కంప్యూటర్‌ను సరిచేసుకోవాలి. అక్టోబరులో శనగ విత్తే రైతులు సెప్టెంబరులోనే ఈ పని ముగించుకుంటే మంచిది.

వీడియో ఎందుకు ఆగుతుంది?

ఆన్‌లైన్ వీడియో మొత్తం ఒకేసారి మీ కంప్యూటర్‌లోకి రాదు. చూస్తున్నంతసేపూ ముక్కలు ముక్కలుగా వస్తూ ఉంటుంది. కాలువ నుంచి తొట్టిలోకి నీళ్లు పడుతూ, తొట్టి నుంచి పైరుకు పారుతున్నట్టు అనుకోండి. వచ్చే నీళ్లు తగ్గితే తొట్టి ఖాళీ అవుతుంది, పారకం ఆగుతుంది. తెర మీద గుండ్రంగా తిరిగే గుర్తు కనబడేది అప్పుడే. దీన్నే బఫరింగ్ అంటారు. నెట్ వేగం చాలకపోవడం, కంప్యూటర్ లేదా బ్రౌజర్ పాతబడడం, వీడియో నాణ్యత ఎక్కువగా పెట్టుకోవడం దీనికి ముఖ్యమైన కారణాలు. ఒక్కొక్కటిగా చూసుకుంటే లోపం ఎక్కడుందో తెలిసిపోతుంది.

1. తేదీ, సమయం సరిచూడండి

పాత కంప్యూటర్లలో మొట్టమొదట చూడాల్సింది ఇదే. తెర కింద కుడి మూలన ఉన్న తేదీ తప్పుగా ఉంటే యూట్యూబ్ వంటి సైట్లు అసలు తెరుచుకోవు. ‘కనెక్షన్ సురక్షితం కాదు’ అనే అర్థం వచ్చే హెచ్చరిక కనబడుతుంది. తేదీ మీద మౌస్ కుడి బటన్ నొక్కి, సెట్టింగ్స్‌లో సరిచేయండి. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ తేదీ వెనక్కి వెళుతుంటే లోపల ఉండే గుండీ ఆకారపు బ్యాటరీ అయిపోయిందని అర్థం. దాని మీద సీఆర్ 2032 అని రాసి ఉంటుంది. తక్కువ ధరకే దొరుకుతుంది. కంప్యూటర్ రిపేరు చేసేవారి చేత మార్పించుకోండి.

2. విండోస్, బ్రౌజర్ ఏ నాటివో చూసుకోండి

కీబోర్డు మీద విండోస్ గుర్తున్న బటన్, ఆర్ బటన్ కలిపి నొక్కండి. వచ్చిన చిన్న పెట్టెలో ఇంగ్లిషు అక్షరాల్లో డబ్ల్యూ, ఐ, ఎన్, వి, ఇ, ఆర్ అని వరుసగా కొట్టి ఎంటర్ నొక్కితే మీది ఏ విండోసో కనబడుతుంది.

• విండోస్ 7కు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. క్రోమ్ బ్రౌజర్ కొత్త వెర్షన్లు కూడా 2023 నుంచి అందులో పనిచేయడం లేదు.
• విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. వీడియోలు ఆడతాయి. కానీ ఆ కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు చేయకపోవడం మంచిది.
• విండోస్ 11కు మారేందుకు పాత కంప్యూటర్ సరిపోకపోతే, ఉచితంగా దొరికే లినక్స్ వేయించుకోవచ్చు. వీడియోలు చూడడానికి అది చాలు.

ర్యామ్ కనీసం 4 జీబీ ఉండాలి, 8 జీబీ ఉంటే ఇబ్బంది ఉండదు. సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనేటప్పుడు దుకాణంలోనే ఒక యూట్యూబ్ వీడియోను పది నిమిషాలు ఆడించి చూసి కొనండి.

బ్రౌజర్ అప్‌డేట్ చేయడానికి క్రోమ్‌లో పైన కుడి మూలన ఉన్న మూడు చుక్కలు నొక్కి, ‘హెల్ప్’, తర్వాత ‘అబౌట్ గూగుల్ క్రోమ్’ తెరవండి. కొత్త వెర్షన్ ఉంటే దానంతట అదే దిగుతుంది. తర్వాత ‘రీలాంచ్’ నొక్కాలి.

3. వేరే ప్లేయర్ వేయనక్కర లేదు

ఒకప్పుడు ఆన్‌లైన్ వీడియో చూడాలంటే ఫ్లాష్ ప్లేయర్ తప్పనిసరి. ఇప్పుడు ఆ అవసరం లేదు. ఫ్లాష్‌కు 2020 డిసెంబరు 31తో అడోబీ సంస్థ స్వస్తి చెప్పింది. నేటి బ్రౌజర్లన్నీ వీడియోను సొంతంగానే ఆడిస్తాయి. అందుచేత ‘వీడియో చూడాలంటే ఈ ప్లేయర్ డౌన్‌లోడ్ చేయండి’, ‘మీ ఫ్లాష్ పాతబడింది’ అని తెర మీద వస్తే నమ్మకండి. ఆ పేజీని వెంటనే మూసేయండి. అలా దిగేది వీడియో ప్లేయర్ కాదు, వైరస్ అయి ఉండే ప్రమాదం ఎక్కువ.

4. నెట్ వేగం కొలవండి

కాలువ నీటిని క్యూసెక్కుల్లో కొలిచినట్టే నెట్ వేగాన్ని ఎంబీపీఎస్‌లలో కొలుస్తారు. బ్రౌజర్‌లో ఫాస్ట్ డాట్ కామ్ తెరిస్తే కొన్ని క్షణాల్లో మీ వేగం అంకెల్లో వస్తుంది. యూట్యూబ్ సూచించే కనీస వేగాలు, ఆ వేగంతో గంటసేపు చూస్తే అయ్యే డేటా సుమారుగా ఇలా ఉంటాయి:

• 360పీ నాణ్యత: 0.7 ఎంబీపీఎస్, గంటకు సుమారు 315 ఎంబీ
• 480పీ నాణ్యత: 1.1 ఎంబీపీఎస్, గంటకు సుమారు 500 ఎంబీ
• 720పీ నాణ్యత: 2.5 ఎంబీపీఎస్, గంటకు సుమారు 1.1 జీబీ
• 1080పీ నాణ్యత: 5 ఎంబీపీఎస్; గంటకు సుమారు 2.25 జీబీ

రోజుకు 1.5 జీబీ ఇచ్చే ప్యాక్‌తో 1080పీలో చూస్తే 40 నిమిషాలకే డేటా అయిపోతుంది. 360పీలో అయితే నాలుగు గంటలకు పైగా వస్తుంది. రోజువారీ డేటా అయిపోయాక చాలా ప్యాక్‌లలో వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంలో వీడియో ఆడదు. కాబట్టి మాట వినడానికి 360పీ, పురుగు లేదా మచ్చను గుర్తుపట్టాల్సిన చోట కాసేపు 720పీ పెట్టుకోవడం ఉత్తమం. వీడియో కింద ఉన్న చక్రం గుర్తు నొక్కి, ‘క్వాలిటీ’లో ఇది మార్చుకోవచ్చు.

5. ఫోన్ హాట్‌స్పాట్ వాడేవారు

• నల్లమల అంచున అహోబిలం వైపు ఊళ్లలో గానీ, మరెక్కడైనా గానీ ఇంట్లో సిగ్నల్ సరిగా అందకపోతే ఫోన్‌ను కిటికీ దగ్గర లేదా మిద్దె మీద నీడలో పెట్టి, కేబుల్‌తోనో వైఫైతోనో కంప్యూటర్‌కు కలపండి. రెండు మూడు చోట్ల పెట్టి వేగం కొలిచి, ఎక్కడ ఎక్కువ వస్తే అక్కడే ఉంచండి.
• రాత్రి 7 నుంచి 10 గంటల మధ్య అందరూ నెట్ వాడతారు. టవర్ మీద ఒత్తిడి పెరిగి, కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు తగ్గినట్టు వేగం తగ్గుతుంది. రికార్డు చేసిన వీడియోలను తెల్లవారుజామున చూసుకోండి.
• విండోస్ తనంతట తాను అప్‌డేట్లు దింపుకుంటూ మీ డేటాను ఖాళీ చేయవచ్చు. దీన్ని ఆపడానికి సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్’, తర్వాత ‘వైఫై’, అందులో మీ ఫోన్ పేరు తెరిచి ‘మీటర్డ్ కనెక్షన్’ను ఆన్ చేయండి.

నంద్యాల, ఆళ్లగడ్డ పట్టణాల్లో ఏపీ ఫైబర్‌నెట్ గానీ, ఇతర కేబుల్ నెట్ గానీ ఉన్నవారు వైఫై పెట్టెను గోడల చాటున కాకుండా కంప్యూటర్ ఉన్న గదిలోనే పెట్టుకోవాలి. వీలైతే నేరుగా వైరుతో కలపండి.

6. శబ్దం రాకపోతే

ముందు వీడియో కింద ఉన్న స్పీకర్ గుర్తు మీద అడ్డగీత ఉందేమో చూడండి. తర్వాత తెర కింద కుడి మూలన ఉన్న స్పీకర్ గుర్తు చూడండి. విడి స్పీకర్లయితే వైరు ఆకుపచ్చ రంధ్రంలో ఉండాలి. అన్నీ సరిగ్గానే ఉండి శబ్దం రాకపోతే కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయండి.

7. అయినా వీడియో ఆగుతుంటే

ఈ వరుసలో చేయండి. ఒక్కొక్కటి చేశాక వీడియో ఆడించి చూడండి.

• బ్రౌజర్‌లో తెరిచి ఉన్న మిగతా పేజీలన్నీ మూసేయండి.
• నాణ్యతను 360పీకి, అవసరమైతే 240పీకి తగ్గించండి.
• అదే నెట్‌తో ఫోన్‌లో అదే వీడియో ఆడించండి. ఫోన్‌లో బాగా ఆడితే లోపం కంప్యూటర్‌లో ఉంది. ఫోన్‌లోనూ ఆగితే లోపం నెట్‌లో ఉంది. ఈ ఒక్క పరీక్షతో అనవసరపు రిపేరు ఖర్చు తప్పుతుంది.
• కంప్యూటర్ బాగా వేడెక్కుతుంటే దుమ్ము దులిపించండి. ఎండాకాలంలో మిషను వెనుక గాలి ఆడేలా ఖాళీ ఉంచండి.

8. మోతాదు తప్పు పోకుండా వినే పద్ధతి

• కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. మందు పేరు, శాతం, లీటరు నీటికి ఎంత, ఎకరాకు ఎంత అన్న నాలుగూ రాసుకోండి.
• కీబోర్డులో కె నొక్కితే యూట్యూబ్ వీడియో ఆగుతుంది. జె నొక్కితే 10 సెకన్లు వెనక్కి వెళుతుంది. మోతాదు చెప్పిన చోట రెండుసార్లు వినండి.
• వేగంగా మాట్లాడుతుంటే చక్రం గుర్తులో ‘ప్లేబ్యాక్ స్పీడ్’ను 0.75కు తగ్గించండి.
• ప్రత్యక్ష ప్రసారంలో కూడా మాట తెగితే వెనక్కి జరిపి వినే వీలు ఎక్కువగా ఉంటుంది. ప్రసారం ముగిశాక అదే వీడియో ఛానల్‌లో ఉంటే మరోసారి చూడండి.
• రాసుకున్న మోతాదును మందు డబ్బా మీది లేబుల్‌తో సరిపోల్చాకే పిచికారీ చేయాలి. రెండూ కలవకపోతే వ్యవసాయ అధికారిని అడగండి.
• పొలం దగ్గర సిగ్నల్ అందని రైతులు, ఫోన్‌లోని యూట్యూబ్ యాప్‌లో ‘డౌన్‌లోడ్’ బటన్ ఉన్న వీడియోలను ఇంట్లోనే దింపి ఉంచుకోవచ్చు.

9. ఏ వీడియోను నమ్మాలి?

వీడియో బాగా ఆడడం ఒక ఎత్తు, అందులో చెప్పింది మీ పొలానికి పనికిరావడం మరో ఎత్తు. ముందు వీడియో తేదీ చూడండి. ట్రైజోఫాస్, డైక్లోర్‌వాస్, ఫోరేట్ వంటి మందులను కేంద్ర ప్రభుత్వం 2020 డిసెంబరు 31 నుంచి పూర్తిగా నిషేధించింది. అంతకు ముందు తీసిన వీడియోల్లో వీటిని వాడమని చెప్పి ఉండవచ్చు. వాటిని పాటించకూడదు.

తర్వాత చెప్పేది ఎవరో చూడండి. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు చెప్పే మాటకు, మందులు అమ్ముకునేవారు చెప్పే మాటకు తేడా ఉంటుంది. మన నంద్యాలలోనే ఆ విశ్వవిద్యాలయపు ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. యంత్రంతో కోతకు అనువైన ఎన్‌బీఈజీ 47 శనగ రకం ఇక్కడి నుంచే వచ్చింది. వేరే రాష్ట్రపు నేలలకు చెప్పిన విత్తన మోతాదు మన నల్లరేగడికి సరిపోకపోవచ్చు. అనుమానం ఉంటే బనగానపల్లె దగ్గర యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రాన్ని గానీ, మీ ఊరి రైతు సేవా కేంద్రాన్ని గానీ సంప్రదించండి.

10. మోసాల పట్ల జాగ్రత్త

‘పీఎం కిసాన్ డబ్బులు పడ్డాయి, ఈ వీడియో చూడండి’ అంటూ వాట్సాప్‌లో వచ్చే లింకులు తెరవకండి. ఏపీకే అని చివర ఉన్న ఫైళ్లను ఎవరు పంపినా ఫోన్‌లో వేయకండి. పంట వీడియో చూడడానికి ఓటీపీ, ఆధార్, బ్యాంకు వివరాలు అవసరం లేదు. అడిగితే అది మోసమే. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

కంప్యూటర్ లేకపోయినా, వీడియో తెరుచుకోకపోయినా సలహా ఆగకూడదు. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 నంబరుకు ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే అడగవచ్చు. మీ కంప్యూటర్ బాగా పనిచేస్తుంటే పక్క పొలం రైతులను కూడా పిలిచి చూపించండి. నలుగురు కలిసి వింటే ఒకరు వినని ‘పాయింట్’ను మరొకరైనా పట్టుకుంటారు.