ఊడిన పన్నుకు బదులు ఏమిటి?

హైదరాబాదు శ్రీనగర్ కాలనీలో నేడు పన్ను ఊడినవారికి దంతవైద్యుడు పింగాణీ పన్నో, జిర్కోనియా పన్నో అమర్చి పంపగలడు. ఇవేవీ లేని కాలంలో ఆ ఖాళీలో ఏమి ఉంచాలి? ఈ ప్రశ్నను మన ఫుఖహాలు ఎంత సూక్ష్మంగా విచారించారో చాలామందికి తెలియదు.

హి.శ. 587 (క్రీ.శ. 1191)లో హలబ్‌లో మరణించిన హనఫీ పండితుడు అల్లామా కాసానీ ‘బదాయిఉస్సనాయి’లో ఈ చర్చను పొందుపరచారు. మృతుని పన్ను తీసి అమర్చుకోవడం మక్రూహ్ అన్నది ఏకాభిప్రాయం. ఊడిన సొంత పన్నునే తిరిగి పెట్టుకోవడాన్ని కూడా ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) మక్రూహ్ అన్నారు. ఆయన శిష్యుడు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) తప్పులేదన్నారు. అయితే మార్గమేమి? జబహ్ చేసిన గొర్రె పన్ను పెట్టుకోవచ్చును. మానవుడు తన అవయవాలన్నిటితో సహా గౌరవనీయుడు, అతని దేహభాగం వాడుక వస్తువు కారాదు అన్నదే ఇందులోని మూలసూత్రం.

కాసానీకి సుమారు రెండు శతాబ్దాల పూర్వమే కర్తుబా వైద్యుడు అబుల్ ఖాసిమ్ జహ్రావీ, ఎద్దు ఎముకను పన్ను ఆకారంలో చెక్కి పక్క పళ్ళకు తీగతో బిగించే విధానాన్ని ‘అత్తస్రీఫ్’లో వ్రాశారు. వెండి తీగ కొద్ది రోజులకే పచ్చబడుతుంది గనుక బంగారమే మేలని ఆయన అనుభవం. వెండి ముక్కు దుర్వాసన కొట్టగా హజ్రత్ అర్ఫజా (రజి)కు దైవప్రవక్త (స) బంగారు ముక్కును అనుమతించిన హదీసు ఇక్కడ స్మరణీయం. (జహ్రావీకి ముందుతరం వాడైన రాజీ వైద్య మహాగ్రంథం ‘అల్ హావీ’ని 1955 నుండి సంపుటాలుగా అచ్చువేసింది హైదరాబాదు దాయిరతుల్ మఆరిఫే.)

ఐరోపాలో జరిగింది వేరు. 1815లో వాటర్లూ యుద్ధరంగంలో పడివున్న యువసైనికుల పళ్ళు ఊడబెరికి అమ్మారు. అవి సంపన్నుల కట్టుడు పళ్ళయ్యాయి. ‘వాటర్లూ పళ్ళు’ అన్న పేరే నిలిచిపోయింది.

నేడు పశువు పన్ను నోటిలోకి కాక ప్రయోగశాలకు చేరింది. పళ్ళకు అతికించే పదార్థాల పటుత్వాన్ని పరీక్షించడానికి పుచ్చులేని మనుషుల పళ్ళు తగినన్ని దొరకవు. కబేళాలలో లభించే పశువుల ముందుపళ్ళు పెద్దవి, వాటి ఉపరితలం విశాలం. అవి మనిషి పళ్ళకు సాటివస్తాయా అని జపానుకు చెందిన నకమిచి, ఇవాకు, ఫుసయామాలు 1983లో పరీక్షించారు. ఎనామిల్ మీద, డెంటిన్ పైపొర మీద గణనీయమైన తేడా కనబడలేదు. లోతు డెంటిన్‌లో మాత్రం పశువు పన్నుకు అతుకు బలహీనమైంది. అందుచేత పశువు పన్నుతో తొలి అంచనా వేసుకున్నా, దృఢపరచుకోవడానికి మనిషి పన్నే కావాలి: అదీ చికిత్సకై తీసివేసినది, రోగి సమ్మతితో పొందినది.