నోబుల్ హాప్స్, తండ్రి పేరు లేని కాస్కేడ్

ఈ వారం బీరు గురించి రాస్తున్నాను. తాగమని చెప్పడానికి కాదు. బీరు వాసనకు కూడా వంశం అడిగిన చరిత్ర ఒకటుంది, అందుకు.

బీరుకు చేదునూ వాసననూ ఇచ్చేది హాప్ అనే తీగకు పూసే పువ్వు. ఐరోపాలో నాలుగు రకాల హాప్‌లకు పెద్ద పేరు. జర్మనీలోని హాలర్‌టౌ, టెట్‌నాంగ్, స్పాల్ట్, చెక్ దేశపు సాజ్. వీటిని 'నోబుల్ హాప్స్' అంటారు. నోబుల్ అంటే కులీనం. ఇది వృక్షశాస్త్రం ఇచ్చిన పేరు కాదు, బీరు వ్యాపారంలో పుట్టిన బిరుదు.

దీనికి తోడు 'శుద్ధి చట్టం' ఒకటి. బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ ఉండకూడదని 1516లో బవేరియా పాలకులు శాసనం చేశారు. అందులో బీరు ధర ఎంత ఉండాలో కూడా రాశారు. 'శుద్ధి' అనే పేరు మాత్రం దానికి 1918లో అంటింది. అంటే 400 ఏళ్ల తర్వాత! కులీనత, శుద్ధి. ఈ రెండు మాటలూ మనకు కొత్తవా?

ఇక కాస్కేడ్ కథకు వద్దాం. 1956లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు ఒరెగాన్‌లో ఒక హాప్ తీగ నుంచి విత్తనాలు సేకరించారు. హాప్‌లో ఆడ, మగ తీగలు వేరువేరు. తల్లి వంశం రికార్డులో ఉంది. ఇంగ్లండ్ ఫగుల్, రష్యా సెరెబ్రియాంకా కలిసిన సంకరం. పుప్పొడి మాత్రం గాలికి వచ్చింది. అందుకే తండ్రి తెలియదు. 56013 అనే నంబరుతో ఏళ్లపాటు పరీక్షించి, 1972లో ఒక పర్వతశ్రేణి పేరు పెట్టి విడుదల చేశారు.

బూజు తెగులును తట్టుకునే తీగ అది. కానీ దాని పువ్వు వాసన వేరు. పంపరపనస తొక్క గిల్లితే వచ్చే ఘాటు లాంటిది. బీరుకు ఈ వాసనేమిటని పెద్ద కంపెనీలు మొదట వెనకాడాయి. జర్మనీలో హాలర్‌టౌ తీగలకు ఎండు తెగులు సోకి ధర పెరిగాక కూర్స్ కంపెనీ దీన్ని కొన్నది. అవసరం వస్తే మడి ఎలా సడలుతుందో మనకు తెలియనిదా!

ఆ వాసనను దాచకుండా ముందుకు తెచ్చింది చిన్నవాళ్లు. 1975లో శాన్ ఫ్రాన్సిస్కోలోని యాంకర్ బ్రూవరీ కాస్కేడ్‌తో లిబర్టీ ఏల్ చేసింది. చీకో అనే ఊళ్లో ఇంట్లో బీరు కాచుకుంటూ, అందుకు కావలసిన సరుకులు అమ్మే కొట్టు నడిపిన కెన్ గ్రాస్‌మన్ 1980లో సియెర్రా నెవాడా పేల్ ఏల్ మొదలుపెట్టాడు. 

ఇంట్లో కాచేవాళ్లకు ఈ ధైర్యం ఎక్కడిది? కంపెనీకి తెలియని హాప్ అంటే వేల లీటర్ల నష్టభయం. ఇంట్లో అయితే పోయేది ఒక ఇరవై లీటర్ల గిన్నె. పేల్ ఏల్‌లో మాల్ట్ రుచి తేలిక కాబట్టి హాప్ గుణం దాక్కోలేదు. హాప్‌ను ఎక్కువసేపు మరిగిస్తే చేదు దిగుతుంది, వాసన ఆవిరైపోతుంది. పొయ్యి దించే ముందో, పులిసిన తర్వాతో వేస్తే వాసన నిలుస్తుంది. మిగతావేవీ మార్చకుండా ఒక్క హాప్‌నే మార్చి చూస్తే దాని బలం, లోపం రెండూ తెలుస్తాయి. పుట్టుక అడగకుండా పరీక్షించే పద్ధతి అది.

నేను తెలుగు చెప్పేవాణ్ణి కాబట్టి 'గ్రామ్యం' అనే మాట గుర్తొస్తుంది. చిన్నయసూరి వ్యాకరణం దాన్ని కావ్యం గడప తొక్కనివ్వలేదు. మన అమ్మలు మాట్లాడిన మాటలకు పెట్టిన పేరది. ఆ మాటల శక్తిని పరీక్షించి చూసి పెట్టారా? లేదు.

అయితే కాస్కేడ్ గెలుపు చెప్పి చప్పట్లు కొట్టి ఆపేస్తే చరిత్ర సగమే చెప్పినట్టు. ఆ పువ్వు కోసిన చేతులెవరివి?

1913, కాలిఫోర్నియాలోని వీట్‌లాండ్. డర్స్ట్ హాప్ తోట యజమాని అవసరానికి మించి కూలీలు వచ్చేలా ప్రకటనలు వేశాడు. కూలి రేటు తగ్గించడానికి. సుమారు 2,800 మంది వచ్చారు. మరుగుదొడ్లు పదికి లోపే. మండుటెండలో పొలంలో తాగడానికి నీళ్లు లేవు, యజమాని బంధువు నిమ్మరసం అమ్ముకున్నాడు. నీళ్లు ఎందుకివ్వరని మహద్‌కు 14 ఏళ్ల ముందు అక్కడి కూలీలూ అడిగారు. ఆగస్టు 3న వాళ్ల సభ మీదికి పోలీసులు వచ్చారు. కాల్పుల్లో నలుగురు చనిపోయారు. వాళ్లలో జిల్లా అటార్నీ ఎడ్మండ్ మాన్‌వెల్ పేరు ప్రతి పుస్తకంలో ఉంటుంది. కూలీల్లో ఒకరు నేను చదివిన చోటల్లా 'ఒక ప్యూర్టోరికో మనిషి' మాత్రమే.

హాప్ తీగకు తల్లి పేరు, నంబరు, పుట్టిన ఏడు రాసిపెట్టారు. ఆ మనిషికి అతని పేరు కూడా రాయలేదు.

విద్యార్థి మిత్రులారా, ఒక పని చేయండి. మీ ఊళ్లో ఏ తిండిని, ఏ మాటను 'నీచం' అన్నారో, ఎవరన్నారో కింద రాయండి. దాన్ని పండించినవాళ్ల పేర్లు, వండినవాళ్ల పేర్లు కూడా రాయండి. పేర్లు మాత్రం మరవొద్దు.