గది ఉష్ణనష్టం అంచనా

చలికాలంలో ఒక గది కోరినంత వెచ్చగా ఉండాలంటే అందులోకి ఎంత చొప్పున వేడి అందించాలో ముందుగా లెక్కగట్టడమే ఉష్ణనష్టం అంచనా. వెచ్చని చోటి నుంచి చల్లని చోటికి వేడి పోతూనే ఉంటుంది. పోయినంతా హీటర్ తిరిగి ఇస్తుంటే గది ఉష్ణోగ్రత నిలకడగా ఉంటుంది. జవాబు వాట్లలో వస్తుంది. యూరప్‌లో ఇంజనీర్లు ఇందుకు ఈఎన్ 12831 అనే ప్రమాణాన్ని పాటిస్తారు. ఒక్క గదికైతే టేపు, కాగితం, పెన్సిలు చాలు.

వేడి రెండు దారుల్లో పోతుంది. మొదటిది గోడలు, కిటికీలు, పైకప్పు, నేల గుండా. ఒక చదరపు మీటరు మేర, లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు ఎన్ని వాట్లు దాటిపోతాయో చెప్పే అంకెను యు-విలువ అంటారు. దాన్ని వైశాల్యంతోనూ, ఉష్ణోగ్రత తేడాతోనూ గుణిస్తే ఆ భాగం నుంచి పోయే వేడి తెలుస్తుంది. రెండోది గాలి దారి. సందుల్లోంచి వెచ్చని గాలి పోయి చల్లగాలి వస్తుంది. గంటకు గది గాలి ఎన్నిసార్లు మారుతుందో అంచనా వేసి, దాన్ని గది ఘనపరిమాణంతోనూ, ఉష్ణోగ్రత తేడాతోనూ, 0.33తోనూ గుణించాలి. ఈ 0.33 ఒక ఘనపు మీటరు గాలిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే శక్తి, వాట్-గంటల్లో.

యు-విలువ ఎలా వస్తుందో చూస్తే ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. నాలుగు మిల్లీమీటర్ల ఒంటి గాజు పలక యు-విలువ సుమారు 5.7. గాజు తనంతట తాను వేడిని దాదాపు ఆపనే ఆపదు. ఆ కాస్త నిరోధమూ గాజుకు రెండు వైపులా అంటిపెట్టుకుని ఉండే పలుచని గాలి పొరలదే. ఇటుక గోడలోనూ మొత్తం నిరోధంలో మూడో వంతు పైగా ఆ పొరల వల్లనే.

లండన్‌లో విక్టోరియా కాలపు టెర్రస్ ఇంటి మేడమీది పడకగదిని ఉదాహరణగా తీసుకుందాం. ఇక్కడ టెర్రస్ అంటే మన డాబా కాదు, గోడకు గోడ ఆనించి వరసగా కట్టిన ఇళ్లు. గది 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల ఎత్తు. వరస చివరి ఇల్లు కాబట్టి రెండు గోడలు బయటి గాలికి ఉన్నాయి. 2 చదరపు మీటర్ల కిటికీ పోగా మిగిలిన గోడ 15.5 చదరపు మీటర్లు. లోపల 18 డిగ్రీలు కావాలి, బయట మైనస్ 2 అనుకుందాం. తేడా 20.

తొమ్మిది అంగుళాల ఇటుక గోడ యు-విలువ 2.1 కాబట్టి గోడల నుంచి 651 వాట్లు. ఒంటి గాజు కిటికీ నుంచి 228. ఇన్సులేషన్ పరిచిన పైకప్పుకు 0.2 వేస్తే 48. గాలి గంటకు ఒకసారి మారితే 198. కింది గది కూడా వెచ్చగానే ఉంటుంది కాబట్టి నేలకు సున్నా. మొత్తం 1,125 వాట్లు. పక్కింటి ఉమ్మడి గోడకూ సున్నాయే వేశాం. పక్కిల్లు ఖాళీగా ఉంటే ఆ సున్నా చెల్లదు.

కిటికీ పక్కన కూర్చున్నవారికి చలి అక్కడే తగులుతుంది కనుక డబ్బు ముందుగా కిటికీకే ఖర్చవుతుంది. యు-విలువ 1.4 ఉన్న జంట గాజు పెడితే 172 వాట్లు మిగులుతాయి. గోడకు ఇన్సులేషన్ వేసి 0.3కు దించితే 558 మిగులుతాయి. కాగితం మీద ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూశాకనే ఖర్చు నిర్ణయించుకోవాలి. అయితే ఇన్సులేషన్ లోపలి వైపు వేస్తే ఇటుక మరింత చల్లబడి తేమ చేరవచ్చు. దాన్ని విడిగా పరిశీలించుకోవాలి.

అంచనాలో అన్నిటికన్నా బలహీనమైన అంకె గాలిది. తెరిచి ఉన్న పొగగొట్టం వల్ల గాలి గంటకు మూడుసార్లు మారితే 198 కాస్తా 594 అవుతుంది. ఫ్యాను బిగించి, 50 పాస్కల్‌ల పీడన తేడా వద్ద ఇంటి లీకులను కొలిచే బ్లోయర్ డోర్ పరీక్ష ఈ ఊహను చాలావరకు తగ్గిస్తుంది. గోడ అంకె కూడా చెక్కుచెదరనిది కాదు. సెన్సర్లతో కొలిచినప్పుడు బ్రిటన్ పాత ఇటుక గోడలు చాలాచోట్ల లెక్కకన్నా తక్కువ వేడినే పోగొట్టాయి.

హీట్ పంపు రేడియేటర్లకు తక్కువ వేడి నీటిని పంపుతుంది కనుక అది పెట్టే ఇళ్లలో ఈ లెక్క మరీ ముఖ్యం. రేడియేటర్ మీద రాసే సామర్థ్యం గదికన్నా నీరు సగటున 50 డిగ్రీలు వేడిగా ఉన్నప్పటిది. ఆ తేడా 25కు తగ్గితే వచ్చేది 40 శాతమే. పై గదికి అప్పుడు సుమారు 2,800 వాట్ల రేడియేటర్ కావాలి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఏసీ ఎన్ని టన్నులు కావాలో చూడడానికి ఇదే సూత్రాన్ని తిరగేసి వాడతారు. ఒక టన్ను అంటే 3,517 వాట్లు. అయితే ఎండలో కాగిన స్లాబు బయటి గాలికన్నా చాలా వేడిగా ఉంటుంది కనుక పైఅంతస్తు గదికి నీడలోని ఉష్ణోగ్రత వేస్తే లెక్క తక్కువ వస్తుంది. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం ఆ స్లాబు మీది వేడిని తగ్గించడానికే.