మాటు నుంచి పుట్టీ దాకా: అమెరికా ట్రక్కుల ఇంధన ట్యాంకుల మరమ్మతు చరిత్ర

అమెరికాలో సెమీ ట్రక్కు అని పిలిచేది నిజానికి రెండు బళ్ల జోడి: ఇంజను, డ్రైవరు గది ఉండే ట్రాక్టరు ముందు నడుస్తుంటే, ముందు చక్రాలు లేని సెమీ ట్రైలరు తన ముందుభారాన్ని దాని వెన్ను మీద మోపి వెనక వస్తుంది. 1914లో డెట్రాయిట్‌కు చెందిన కమ్మరి ఆగస్ట్ ఫ్రూహాఫ్, ఒక కలప వ్యాపారి పడవను మోయడానికి ఫోర్డ్ మోడల్ టి కారుకు తగిలించిన బండి ఈ జాతికి తొలి నమూనాల్లో ఒకటి. ఆ కారులో పెట్రోలు ట్యాంకు సీటు కిందే ఉండేది. పంపు అవసరం లేకుండా పెట్రోలు తన బరువుతోనే ఇంజనులోకి దిగేది. అలాంటి రేకు ట్యాంకుకు చిల్లు పడితే చేసే వైద్యం మన ఊళ్లలో ఇత్తడి బిందెకు మాటు వేసినట్టే ఉండేది: చిల్లు చుట్టూ గీకి, సీసమూ తగరమూ కలిసిన మెత్తని లోహాన్ని కాల్చిన కడ్డీతో కరిగించి అతికేవారు.

డీజిల్ రాకతో ఈ చిన్న పని పెద్దదైంది. 1931లో క్లెస్సీ కమిన్స్ తన డీజిల్ ఇంజను బిగించిన ట్రక్కును న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలస్ దాకా నడిపించి, ఇంధనానికి ఎంత తక్కువ ఖర్చవుతుందో చూపాడు. 1933లో కెన్‌వర్త్ సంస్థ డీజిల్ ఇంజనుతో ట్రక్కులు అమ్మడం మొదలుపెట్టింది. దూరాలు పెరిగిన కొద్దీ ట్యాంకు సీటు కింద ఇమడక, ట్రాక్టరు చట్రానికి రెండు పక్కలా పెద్ద పీపాల రూపంలో, లోహపు పట్టీల ఆధారంతో నిలిచింది. చాలా బళ్లలో ఈ రెండు ట్యాంకులను అడుగున ఒక గొట్టం కలుపుతుంది కాబట్టి, రోడ్డు మీది ఇనప ముక్క ఎగిరి ఆ గొట్టానికి తగిలితే రెండు ట్యాంకుల ఇంధనమూ ఒకే దారిన పోతుంది. 1956 చట్టంతో అంతర్రాష్ట్ర రహదారులు విస్తరించినప్పుడు, సొంత ట్రక్కును తానే నడుపుకొని బతికే డ్రైవర్లకు బండి షెడ్డులో ఉన్న రోజు రాబడి లేని రోజే. అప్పు తీరని బండి యజమాని స్పానరు తానే పట్టడానికి సరదా కన్నా ఈ లెక్కే కారణం.

ఆ చేతికి మొదటి అడ్డు అల్యూమినియం రూపంలో వచ్చింది. కన్సాలిడేటెడ్ ఫ్రైట్‌వేస్ అధిపతి లీలాండ్ జేమ్స్ 1940ల తొలినాళ్లలో ఫ్రైట్‌లైనర్ సంస్థను నెలకొల్పి అల్యూమినియంతో తేలికైన ట్రక్కులు కట్టించడానికి కారణం స్పష్టం: మొత్తం బరువుకు చట్టం హద్దు పెట్టినప్పుడు, బండిలో తగ్గిన ప్రతి పౌనూ సరుకుకు మిగులుతుంది. ఉక్కులో మూడో వంతు బరువే ఉన్న ఈ లోహం ట్యాంకులకూ పాకింది. అయితే ఉక్కు కరగబోయే ముందు ఎర్రబడి హెచ్చరిస్తుంది, అల్యూమినియం ఆ అవకాశం ఇవ్వదు. 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది రంగు మారకుండానే జారిపోతుంది, దాని మీది ఆక్సైడు పొర మాత్రం 2,000 డిగ్రీలు దాటితే గాని కరగదు. గ్యాస్ మంటతో దీన్ని అతకబోయిన వారికి చిల్లు పెద్దదవడమే తరచు దక్కిన ఫలితం. 1940ల ఆరంభంలో నార్త్‌రాప్ విమాన సంస్థలో రస్సెల్ మెరెడిత్ రూపొందించిన పద్ధతి, అంటే జడవాయువు తెర కింద టంగ్‌స్టన్ మొనతో చేసే వెల్డింగు, ఈ చిక్కును విప్పింది గాని, పనిని డ్రైవరు చేతిలోంచి నిపుణుడి బల్ల మీదికి మార్చింది.

మంట విషయంలో అసలు ప్రమాదం వేరు. నిండు ట్యాంకు కన్నా ఖాళీ ట్యాంకు భయంకరం, ఎందుకంటే మండేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి. డీజిల్ ఆవిరి అంటుకోవాలంటే అది సుమారు 52 డిగ్రీలకు పైగా వేడెక్కాలి కాబట్టి, పెట్రోలుతో పోలిస్తే ఇది సాధువని చాలామంది నమ్మారు. కాని వెల్డింగు జ్వాల ట్యాంకు గోడను క్షణాల్లో ఆ వేడిని దాటించి, అతుకుల సందుల్లో ఇంకిన జిడ్డును ఆవిరిగా మార్చి, మూసిన పాత్రను బాంబు చేస్తుంది. వెల్డింగుకు ముందు వాహనపు పొగను ట్యాంకులోకి పంపి గాలిని తరిమే పాత అలవాటు పెట్రోలు ఇంజన్లతోనే నమ్మదగినది కాదు, నిదానంగా తిరిగే డీజిల్ ఇంజను పొగలోనైతే ఆక్సిజన్ పుష్కలంగా మిగిలే ఉంటుంది. వాడిన పీపాలనూ ట్యాంకులనూ పూర్తిగా శుభ్రం చేయనిదే వాటి మీద వెల్డింగు గాని కోత గాని చేయరాదని అమెరికా కార్మిక భద్రతా నియమాలు శాసించాయి. నిజానికి ఇది ఎంతో ఖరీదు చెల్లించి నేర్చిన పాఠం.

ఇలా మంట దూరమయ్యాక డ్రైవరుకు మిగిలింది చల్లని వైద్యం. అందులో పాతది సబ్బు: చిల్లు మీద పొడి సబ్బుబిళ్లను గట్టిగా రుద్దితే అది సందులోకి దిగి, ఇంధనానికి త్వరగా కరగక, షెడ్డు చేరేదాకా కారడాన్ని ఆపుతుంది; తెలుగునాట లారీ డ్రైవర్లకూ ఈ కిటుకు కొత్త కాదు. 1969లో టెక్సాస్‌లోని సల్ఫర్ స్ప్రింగ్స్‌లో మొదలైన జె-బి వెల్డ్ వంటి ఎపాక్సీలు, అంటే రెండు గొట్టాల్లోని పదార్థాలను కలిపితే రాయిలా బిగిసే జిగురులు, ఈ వైద్యాన్ని మరో మెట్టు ఎక్కించాయి. చిల్లు మట్టం కిందికి ఇంధనాన్ని దించి, జిడ్డు పూర్తిగా తుడిచి, గరుకు కాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, ఆపైన పూసి దాదాపు ఒక రోజు కదల్చకుండా ఉంచాలి. తొందరపడి తడి లోహం మీద పూసిన ఈ ఎపాక్సీ పుట్టీ మొదటి గతుకులోనే పెచ్చుగా ఊడుతుంది.

1973 జనవరి 1 నుంచి తయారైన ట్రక్కు ట్యాంకులకు వర్తించే ఫెడరల్ నియమాలు పాత మాటుకు తలుపు మూశాయి: ట్యాంకు అతుకులను కేవలం సీసపు మాటుతో మూయరాదు, నీరు నింపి 30 అడుగుల ఎత్తు నుంచి ఒక మూల మీద పడేసినా నిమిషానికి ఒక ఔన్సుకు మించి కారరాదు. పుట్టీ పూసిన ట్యాంకు ఇంత పరీక్షకు నిలుస్తుందని ఎవరూ చెప్పలేరు కనుక, దాన్ని దారి గడిపే ఉపాయంగానే చూడాలి.

స్వయంగా చేయదగిన అసలు పని చిల్లు పడకముందే ఉంది. ట్యాంకుకూ పట్టీకీ నడుమ ఉండే రబ్బరు పొర అరిగినా జారినా లోహం లోహాన్ని కోస్తుంది, మంచు కరిగించడానికి రోడ్ల మీద చల్లే ఉప్పునీరు ఆ సందులో నిలిచి అల్యూమినియాన్ని తినేస్తుంది. పట్టీ వదులు చేసి, రబ్బరు మార్చి, తిరిగి బిగించడానికి నిప్పు అక్కరలేదు, ఓ స్పానరు చాలు. ట్రక్కు యజమాని తన చేత్తో నిశ్చింతగా చేయగలిగిన ట్యాంకు పని ఇదే.